గంజాయి మానిన తొలి వారాల్లో ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

గుణుపురం అక్క:
మా తమ్ముడు గంజాయి మానేస్తానని తనంతట తానే చెప్పి మానాడు. మర్నాటి నుంచి నిద్ర లేదు, అన్నం సయించడం లేదు, చిన్న మాటకే విరుచుకుపడుతున్నాడు. నెలల తరబడి ఇంటివాళ్లను చూడనివ్వని ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్పించమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు. ఇంటి దగ్గరే ఉంచి వైద్యం చేయించవచ్చా?

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, మా అబ్బాయి విషయంలోనూ ఇదే చూశాం. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పినదేమిటంటే, ఈ చిరాకు, నిద్రలేమి మొదటి వారంలోనే ఎక్కువగా ఉండి, చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడతాయి. నిద్ర కుదుటపడటానికి మాత్రం ఇంకొంత కాలం పట్టవచ్చు. గంజాయి అలవాటును మాన్పించేందుకు ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇంతవరకు లేదు కాబట్టి, అవసరమైతే నిద్రకు కొద్దిరోజులు మందిచ్చినా, అసలు వైద్యం కౌన్సెలింగే. ఏ వేళ, ఎవరితో ఉన్నప్పుడు, ఏ బాధలో తాగాలనిపిస్తుందో మావాడి చేతనే రాయించి, ఆ వేళకు వేరే పని కుదిర్చారు. మావాడు బీడీ పొగాకులో కలిపి తాగేవాడు. గంజాయి మానినా బీడీ వెలిగించగానే మళ్లీ అటే మనసు పోయేది. రెండింటికీ కలిపి వైద్యం మొదలయ్యాకే నిలదొక్కుకున్నాడు. పొగాకు సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

జయపురం పాఠకుడు:
ఎదుట లేనివాళ్ల మాటలు వినిపిస్తున్నాయన్నా, ఇంట్లోవాళ్లే విషం పెడుతున్నారని అనుమానించినా, చచ్చిపోతానన్నా, భూతవైద్యుల చుట్టూ తిరగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మాకు దగ్గరలో కోరాపుట్ ఎస్.ఎల్.ఎన్. వైద్య కళాశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా.

గుణుపురం అక్క:
అలాంటివేమీ లేవండి. ఆసుపత్రిలో పేరు రాయిస్తే పోలీసు కేసవుతుందని అమ్మ భయపడుతోంది.

జయపురం పాఠకుడు:
1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. మత్తుమందు వాడిన కేసో, చిన్న పరిమాణంలో మత్తుమందుకు సంబంధించిన కేసో ఉన్న వ్యసనపరుడు సైతం తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రంలోనో వైద్యం పూర్తిగా చేయించుకుంటే, ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. అమ్మగారికి ఈ మాట చెప్పండి.

గుణుపురం అక్క:
చెప్పాను, ఒప్పుకుంది. సోమవారం బరంపురం వెళ్తున్నాం. తమ్ముడికి ఒడియా బాగా వచ్చుగానీ అమ్మకు రాదు; కౌన్సెలింగ్‌లో ఇంటివాళ్లతోనూ మాట్లాడతారా మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు:
మాతో మాట్లాడారమ్మా. బరంపురంలో తెలుగు తెలిసినవారు చాలామందే ఉంటారు, అమ్మగారినీ తీసుకువెళ్లండి.