అప్‌డేట్: 34 ఏళ్లకు ఆటిజం అని తేలింది

పెళ్లిలో బ్యాండు మోగగానే బాత్రూంలో దాక్కుంటాను, మనుషుల కళ్లలోకి చూడలేను, ఈ వయసులో ఆటిజం పరీక్ష దండగా అని మూడు నెలల కిందట అడిగాను. చేయించుకున్నాను. ఆటిజమే.

మొదట చూపించుకున్న డాక్టరు "ఉద్యోగం చేస్తున్నావు, నీకు ఆటిజం ఏంటయ్యా" అని టెన్షన్‌కు మాత్రలు రాసి పంపేశారు. రెండోసారి తిరుపతిలోనే ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. దీనికి రక్త పరీక్ష, స్కానింగ్ ఉండవు. అంతా మాటలే, మూడు సిట్టింగులు. చిన్నప్పటి సంగతులకు అమ్మను పిలిపించారు. చింతగింజలు సైజు ప్రకారం వరుసగా పేర్చేవాణ్నట, ఒక్కటి కదిలినా వీధంతా వినపడేలా ఏడ్చేవాణ్నట. నవ్వుతూనే చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు ఆటో లీలామహల్ సర్కిల్ దాటాక, "మొండితనం అనుకుని కొట్టాను కదరా నాయనా" అంది. నాకేం చెప్పాలో తెలీలేదు.

ఆఫీసులో గోడ పక్క సీటు అడిగాను, ఇచ్చారు. 2016 దివ్యాంగుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం కూడా ఉంది, అందుకే యూడీఐడీ కార్డుకు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు అప్లై చేశాను. రిజర్వేషన్‌కు వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి, నాకెంత వేస్తారో చూడాలి.

వింతేమిటంటే, అలిపిరి మెట్ల మీద గోవింద నామాలు ఎంత గట్టిగా వినిపించినా నాకేం కాదు. ఒకే లయ కదా. ఇంట్లో మిక్సీ వేస్తే మాత్రం పరుగే.

వచ్చే నెల తమ్ముడి పెళ్లి. తాళి కట్టగానే నేను బయటికొచ్చేస్తానని అమ్మే బంధువులందరికీ చెప్పేసింది. ఇయర్‌ప్లగ్గులు కొన్నాను.