ఉజ్బెకిస్తాన్ నుంచి అతిమధురం వేళ్లు తెప్పించడానికి ఏయే అనుమతులు కావాలి?

ప్రశ్న (విజయవాడ):
గవర్నర్‌పేటలో మాకు ఆయుర్వేద మూలికల దుకాణం ఉంది. ఇంతవరకు అతిమధురాన్ని ఢిల్లీ వ్యాపారుల దగ్గర కొంటున్నాం. ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లోని ఒక ఎగుమతిదారు ఎండు వేళ్లను నేరుగా పంపుతానంటున్నారు. కొంత సరుకును మందుల తయారీకి, మిగిలినదాన్ని టీ పొడి చేసేవారికి అమ్మాలని మా ఉద్దేశం. ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ కోడ్ తీసుకున్నాం. ఇంకేమి కావాలో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.

జవాబు (గుంటూరు, సుగంధ ద్రవ్యాల వ్యాపారి):
నమస్కారమండీ. అడ్వాన్సు పంపకముందే విదేశీ మొక్కల సరుకుతో చీడపీడలు రాకుండా కేంద్రం తెచ్చిన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు, 2003 తెరిచి, మీ మొక్క శాస్త్రీయ నామం, అది వచ్చే దేశం, దాని వినియోగం, ఈ మూడూ కలిపి ఏ షెడ్యూలులో ఉన్నాయో చూడండి. నాలుగో షెడ్యూలులో ఉంటే దిగుమతి నిషిద్ధం. ఆరో షెడ్యూలులో ఉంటే సరుకు అక్కడ బయలుదేరకముందే దిగుమతి పర్మిట్ మీ చేతిలో ఉండాలి, సరుకులో చీడపీడలు లేవని ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో ఫలానా చీడల గురించి అదనపు ధ్రువీకరణ కూడా ఉండాలి. ఏడో షెడ్యూలులో ఉంటే పర్మిట్ అక్కర్లేదు గానీ సర్టిఫికెట్, ఇక్కడి తనిఖీ తప్పవు. ఎందులోనూ లేకపోతే ముందుగా చీడల ముప్పుపై విశ్లేషణ జరగాలి.

ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మాకు ఒకసారి వచ్చిన వేళ్ల మూటలు పైకి శుభ్రంగానే కనిపించాయి, కానీ అధికారి ఒక వేరును విరిచి తట్టగానే ముడుతల్లోంచి ఎండిన మట్టి తెల్లకాగితం మీద రాలింది. మట్టి దిగుమతికి అనుమతి లేదు కాబట్టి ఆ సరుకు మాకు దక్కలేదు. వేళ్లను కడిగి ఆరబెట్టి పంపాలని ఒప్పందంలోనే రాయించుకోండి.

జవాబు (విజయవాడ):
టీకి వాడే భాగం ఆహారం కిందికి వస్తుంది కనుక మీకు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) కేంద్ర లైసెన్సు కావాలి. మందుల కోసం కొనేవారికి ఆయుష్ తయారీ లైసెన్సు ఉందో లేదో అడిగి చూడండి. మున్ముందు ఇతర మూలికలు తెప్పించాలనుకుంటే సైట్స్ (అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితా కూడా చూడాలి. చెంగల్వకోష్టు మొదటి అనుబంధంలోను, జటామాంసి రెండో అనుబంధంలోను ఉన్నాయి.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎగుమతిదారు పంపిన కొటేషన్‌లో వాడుక పేరు ఒక్కటే ఉంది. శాస్త్రీయ నామం రాసి, కడిగిన వేళ్ల నమూనా ఫొటోలు పంపమని ఈరోజే ఉత్తరం రాస్తున్నాను.