ఎకరాల బాక్స్‌లో 2.50 కొడితే 2.5 చూపిస్తోంది, ఆ సున్నా ఉంచాలా వద్దా?

కళ్యాణదుర్గం_కోడర్:
అందరికీ నమస్తే. మా దగ్గరి ఒక రైతు సంఘానికి విత్తన వేరుశనగ పంపకం కోసం వెబ్ యాప్ చేస్తున్నా. అందులో 'పొలం విస్తీర్ణం, ఎకరాల్లో' అని ఒక నంబర్ ఫీల్డ్ ఉంది. 2.50 కొట్టి సేవ్ చేసి మళ్లీ పేజీ తెరిస్తే 2.5 అని వస్తోంది. స్టెప్ 0.01 ఇచ్చా, ఏం మారలేదు. టైప్ చేస్తుండగానే టుఫిక్స్‌డ్ (పాయింట్ తర్వాత ఎన్ని అంకెలు చూపించాలో చెప్పే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) పెట్టి చూశా, 2 కొట్టగానే 2.00 అయిపోయి కర్సర్ చివరికి పోతోంది, తర్వాతి అంకె కొట్టనివ్వడం లేదు. మీరైతే ఎలా చేస్తారు?

ఆదోని_బ్యాకెండ్:
స్టెప్‌కూ చూపించే తీరుకూ సంబంధం లేదు బ్రదర్. ఏ విలువలు చెల్లుతాయి, బాణం నొక్కితే ఎంత పెరగాలి అన్నదానికే అది. ఇవ్వకపోతే 1 అనుకుంటుంది, అప్పుడు 2.5 కొడితే 2 గానీ 3 గానీ ఇమ్మని క్రోమ్ అడ్డం పడుతుంది. నీ సున్నా పోయేది వేరేచోట. సర్వర్ నుంచి నంబర్‌గా వస్తోంది కదా, నంబర్‌లో చివరి సున్నా నిలవదు. 2.5 అన్నా 2.50 అన్నా ఒకటే, వదిలేయ్. రిపోర్టు ప్రింట్ తీసేటప్పుడు రెండు స్థానాలకు ఫార్మాట్ చేసుకో, ఇన్‌పుట్ జోలికి పోవద్దు.

గుత్తి_కుర్రోడు:
కర్సర్ బాక్స్‌లోంచి బయటికి వచ్చాక టుఫిక్స్‌డ్ 2 పెట్టు, పనైపోతుంది.

పొద్దుటూరు_కాటా:
ఒకటే అంటే ఎట్లన్నా? మాది బంగారం షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. కాటా మీద 8.400 గ్రాములు అని కనిపిస్తుంది, పక్కనే స్క్రీన్ మీద 8.4 ఉంటే కొనేవాళ్లు రెండూ మార్చి మార్చి చూసి మిల్లీగ్రాములు ఎక్కడికి పోయాయని అడుగుతారు. మూడు స్థానాలూ కనిపించి తీరాలి. గుత్తి తమ్ముడు చెప్పినట్టు బయటికి వచ్చాకే ఫార్మాట్ చెయ్యి, టైప్ చేస్తున్నప్పుడు వద్దు.

ఆదోని_బ్యాకెండ్:
టుఫిక్స్‌డ్ ఇచ్చేది టెక్స్ట్, నంబర్ కాదు. పైగా 1.005ని రెండు స్థానాలకు అడిగి చూడండి, 1.01 రాదు, 1.00 వస్తుంది. బైనరీలో ఆ సంఖ్య 1.005 కన్నా ఒక పిసరు తక్కువగా ఉంటుంది మరి. చూపించడానికని మార్చినదాన్నే మళ్లీ సేవ్ చేస్తే అసలు డేటా పోయినట్టే. నా గొడవంతా దాని గురించే.

కర్నూలు_ఆన్‌లైన్_సెంటర్:
2.5, 2.50 ఒకటే అని ఇంత ధీమాగా ఎలా అంటున్నారన్నా? నా సెంటర్‌కు వచ్చేవాళ్లు పాయింట్ తర్వాత ఉన్నవి సెంట్లుగా చదువుతారు. 2.50 అంటే రెండెకరాల యాభై సెంట్లు. 2.5 చూపిస్తే రెండెకరాల ఐదు సెంట్లా అని అడుగుతారు. మా నాయన పొలానికి ఇదే జరిగింది. ప్రింటులో 2.5 అని ఉంటే, ఒక ఆఫీసులో దాన్ని చూసి ఎక్కించినాయన 2.05 చేసి పెట్టాడు. తేడా 45 సెంట్లు, సెంటుకు 48.4 గజాల లెక్కన 2,178 గజాలు. అది సరిచేయించుకోవడానికి మా నాయన ఎండలో ఎంత తిరిగాడో చూసినదాన్ని నేను.

ఆదోని_బ్యాకెండ్:
అక్కా, జరిగింది అన్యాయమే. కానీ తప్పు ఎక్కించినాయనది, 2.5 అని చూపించిన ప్రోగ్రాంది కాదు.

తుంగభద్ర_అవతల:
మా అలంపూర్ వైపు గుంటలు. 2.20 రాస్తే రెండెకరాల ఇరవై గుంటలు, ఎకరాకు 40 గుంటలు కాబట్టి మీ లెక్కలో అది 2.50. బళ్లారి వైపూ గుంటలే. రెండు స్థానాలు చూపించినంత మాత్రాన ఏం తేలుతుంది?

కళ్యాణదుర్గం_కోడర్:
మా సంఘంలో ఆ వైపు పొలాలున్నవాళ్లు ప్రస్తుతానికి లేరన్నా.

పొద్దుటూరు_కాటా:
అసలు నంబర్ టైపే తీసేయ్. కామా పెట్టి 1,250 అని పేస్ట్ చేస్తే కొన్ని బ్రౌజర్లు తీసుకోవు, కొన్ని బ్రౌజర్లలో మౌస్ చక్రం తిప్పితే అంకే మారిపోతుంది. బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ సిస్టం వాళ్లే 2020లో అంకెల ఫీల్డులకు టెక్స్ట్ టైప్‌కు మారారు. ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్ ఇస్తే ఫోన్‌లో అంకెల కీప్యాడే వస్తుంది.

ఆదోని_బ్యాకెండ్:
టెక్స్ట్ పెడితే '2-50' అనీ '2 ఎ 50' అనీ ఏది తోస్తే అది కొడతారు, ఆ చెత్తంతా ఏరుకోవాల్సింది నేను. ఆపరేటర్లకు ఒకపూట ట్రైనింగ్ ఇవ్వండి. తెలియనివాళ్ల కోసం ప్రతి ఫీల్డూ మారుస్తూ పోతే సాఫ్ట్‌వేర్ ఒక దారిలో ఉండదు.

కర్నూలు_ఆన్‌లైన్_సెంటర్:
ఎవరన్నా తెలియనివాళ్లు? మీరంటున్న ఆపరేటర్‌ను నేనే. నా ముందు కుర్చీలో కూర్చునే రైతు తన పొలం ఒక్క సెంటు కూడా తప్పు చెప్పడు. ఆయన 'రెండెకరాల యాభై' అంటాడు, దాన్ని పాయింటు లెక్కలోకి మార్చి కొట్టేది నేను, మీ బాక్స్ అలా ఉంది కాబట్టి. ఆ మార్పిడి భారం మా మీద వేసి, తేడా వస్తే ట్రైనింగ్ లేదంటారా? రెండు బాక్సులు పెట్టండి, ఒకటి ఎకరాలు, ఒకటి సెంట్లు. సెంట్లలో 0 నుంచి 99 వరకే, పాయింటు కొట్టనివ్వొద్దు. 5 అంటే ఐదు సెంట్లు, 50 అంటే యాభై. మీ సున్నా తగువు అసలు పుట్టనే పుట్టదు.

గుత్తి_కుర్రోడు:
అక్క చెప్పింది కరెక్ట్.

ఆదోని_బ్యాకెండ్:
కొత్తగా ఎక్కించేవాటికి సరే అక్కా. మరి ఇప్పటికే టేబుల్‌లో 2.5 అని ఉన్నవి? వాటిలో యాభై సెంట్లు అనుకుని కొట్టినవి ఏవో, ఐదు సెంట్లు అనుకుని కొట్టినవి ఏవో ఎవరికి తెలుసు? రెండు బాక్సులు రాగానే అన్నిటికీ 'సెంట్లు: 50' అని చూపిస్తాం, తప్పుగా ఎక్కినదానికి మనమే రాజముద్ర కొట్టినట్టు అవుతుంది. ఫార్మాట్ వద్దు వద్దని మొదటి నుంచీ మొత్తుకునేది ఇందుకే. 2.5 అని ఉంటే చూసినవాడికి కనీసం అనుమానం వస్తుంది. 2.50 అని నీటుగా కనిపిస్తే ఇక ఎవరూ అడగరు.

కర్నూలు_ఆన్‌లైన్_సెంటర్:
ఈ మాట మొదటే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. పాయింట్ తర్వాత ఒక్క అంకే ఉన్న రికార్డులు వేరు చేయండి, అనుమానం ఎక్కువగా వాటి మీదే. 2.37 లాంటివాటికి ఈ బాధ లేదు. ఆ రైతులను పట్టాదారు పాస్‌బుక్ తెమ్మని, చూసి సరిచేయండి. ఎంత టైం పట్టినా సరే.

కళ్యాణదుర్గం_కోడర్:
విత్తనాల పంపకం మొదలయ్యేలోపు పూర్తి చేయాలి, అదే టెన్షన్. అయినా ఇలాగే చేస్తా. ఫారంలో రెండు బాక్సులు, లోపల మొత్తం సెంట్లలో పూర్ణసంఖ్యగా దాస్తా, రెండెకరాల యాభైకి 250. ఆదోని అన్నా, నీకు ఓకేనా?

ఆదోని_బ్యాకెండ్:
250 ఓకే. కాలమ్ పేరులోనే సెంట్లు అని ఉండాలి. పాస్‌బుక్ చూడకుండా ఒక్క పాత రికార్డు కూడా మార్చొద్దు, అప్పటిదాకా దాన్ని 2.5గానే చూపించు, పక్కన 'సరిచూడాలి' అని పెట్టు. రేపు గుంటలవాళ్లు చేరితే ఏం చేస్తావో అది కూడా చెప్పు.

తుంగభద్ర_అవతల:
కొలత ఎంచుకునే డ్రాప్‌డౌన్ ఇప్పుడే పెట్టేయ్ తమ్ముడూ. గుంటలు ఎంచుకుంటే 0 నుంచి 39 వరకే తీసుకోవాలి. తర్వాత చూద్దాంలే అనుకున్నావంటే ఇక పెట్టవు.