"సమిష్టి బేరసారాలు" అని నోటితో ఎవరైనా అంటారా?

ప్రశ్న: కలెక్టివ్ బార్గెయినింగ్‌కి (కార్మికులందరి తరఫున సంఘం యాజమాన్యంతో జీతాల బేరం ఆడడానికి) పోటీ పరీక్షల పుస్తకాల్లో "సమిష్టి బేరసారాలు" అని ఉంది. యూనియన్ వాళ్ల నోట ఈ మాట నేనెప్పుడూ వినలేదు. వాడుకలో ఏమంటారండీ?

జవాబు: ఎక్కడ పనిచేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుందండి. ప్రైవేటు ఫ్యాక్టరీలో "అగ్రిమెంటు చేసుకున్నాం" అంటారు. సంఘం కోర్కెల పత్రం ఇస్తుంది, యాజమాన్యంతో కూర్చుంటారు, చివరికి ఇద్దరూ సంతకాలు పెడతారు. లేబర్ అధికారి రాజీ కుదిర్చితే దాన్ని "ట్వెల్వ్ త్రీ" అనేవారు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 12(3) సెక్షన్ అది. ఆ ఒప్పందం సంఘంలో సభ్యత్వం లేనివాడికీ వర్తించేది, రేపు కొత్తగా చేరేవాడికీ వర్తించేది.

సర్కారు ఉద్యోగి అలా అనడు. "పీఆర్సీ ఇచ్చారు", "జీవో వచ్చింది" అంటాడు. పీఆర్సీ అంటే వేతన సవరణ సంఘం; జీతాల పెంపునూ ఆ పేరుతోనే పిలుస్తారు. క్రియ చూడండి: ఒకరు ఇచ్చేది, పైనుంచి వచ్చేది. జీవో మీద ఉండేది ఒక్క పక్షం సంతకమే మరి! అలాగని బేరం జరగదనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో 23 శాతం ఫిట్‌మెంట్ (మూలవేతనం మీద పెంపు) ప్రకటించారు. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి (పీఆర్సీ తేలేదాకా ఇచ్చే తాత్కాలిక పెంపు) అందుకుంటున్న ఉద్యోగులు దానికి "రివర్స్ పీఆర్సీ" అని పేరు పెట్టారు. ఫిబ్రవరి 3న చలో విజయవాడ, ఆ వెంటనే మంత్రుల కమిటీతో చర్చలు. ఇంటద్దె భత్యం శ్లాబులు మారాయి, ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఆగింది. బేరం కాక మరేమిటి? కానీ ఆ మాట ఎవరూ అనలేదు.

మరొకరు: మరి సింగరేణిని ఎటు వేస్తారన్నా? సర్కారు కంపెనీయే కదా. మా దిక్కు "వేజ్‌బోర్డు" అంటరు.

జవాబు: మంచి మాట పట్టుకొచ్చావు తమ్ముడూ. బొగ్గు గనుల్లో 1975 నుంచి నడిచేవి ద్వైపాక్షిక ఒప్పందాలే, బోర్డు తీర్పులు కావు. అయినా, ప్రభుత్వం వేసిన బోర్డు జీతాలు సూచించిన కాలపు పాత పేరు పోలేదు. 2023 మేలో 19 శాతం కనీస పెంపుతో కుదిరిన దాన్నీ "11వ వేజ్‌బోర్డు" అనే అన్నారు. పేరు వింటే ఎవరో ఇచ్చినట్టుంటుంది, లోపల ఉన్నవి మాత్రం సంఘాల సంతకాలు.

ప్రశ్న అడిగినవారు: అయితే పరీక్షలో ఏం రాయమంటారు?

జవాబు: మార్కులు కావాలంటే "సమిష్టి బేరసారాలు" అనే రాయండి. పత్రికకైతే "వేతన ఒప్పందం" చాలు.