తోటివాళ్లు మళ్లీ సిగరెట్ పట్టారు. నేను నిలబడేదెలా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బజారులో పక్కపక్కనే దుకాణాలున్న స్నేహితులం సంక్రాంతికి కలిసి సిగరెట్ మానేశాం. ఇప్పుడు ఇద్దరు మళ్లీ మొదలుపెట్టారు. వాళ్ల మీద కోపం లేదు, బెంగ ఉంది. మానేద్దామని ముందు పట్టుబట్టింది వాళ్లే.

సాయంత్రం టీ వేళే నాకు గండం. పాన్ కొట్టు గుంజకు వేలాడే కొబ్బరితాడు చివర నిప్పు కణకణలాడుతుంటుంది. అది చూడగానే చెయ్యి దానంతటదే జేబు తడుముకుంటుంది. ‘ఒక్క దమ్మే కదా’ అని ఒకరు తెలుగులో, ఒకరు ఒడియాలో ప్యాకెట్ ముందుకు చాపుతారు. ఆ ఒక్క దమ్మే వాళ్లను వెనక్కి లాగింది, కళ్లారా చూశాను. తపన కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది కాబట్టి సోంపు నములుతూ, మంచినీళ్లు తాగుతూ గట్టెక్కుతున్నాను. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ కూడా దగ్గర పెట్టుకున్నాను. దాన్ని కాస్త నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య ఉంచాలి. టీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగా పనిచేయదు, నాకేమో తపన పుట్టేదే అప్పుడు!

స్నేహితులను వదులుకోలేను. వాళ్లు నొచ్చుకోకుండా కాదనడం ఎలా? కొన్నాళ్లు టీ వేళ మార్చుకుంటే చాలా? పొగాకు మానేవాళ్ల కోసం ఉన్న ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడినవాళ్లు ఉన్నారా? ఆ ఇద్దరినీ మళ్లీ మాతో కలుపుకోవాలని ఉంది. ఇలా జారినవాళ్లను వెనక్కి తెచ్చుకున్నవారు ఏ మాటతో మొదలుపెట్టారో దయచేసి చెప్పండి.