రక్షణ పొందిన తేదీ చెప్పలేకపోతున్నాను. నాది భక్తా, అలవాటా?

ప్రశ్న – చివరిబెంచీ

అందరికీ వందనాలు. ఇంట్లో చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవండి.

నాకు నలభై మూడేళ్లు. పుట్టు క్రైస్తవురాలిని. చంటిబిడ్డగా ఉన్నప్పుడే బాప్తిస్మం ఇప్పించారు. పదహారో ఏట కన్ఫర్మేషన్ (విశ్వాసాన్ని సంఘం ముందు నా నోటితో ఒప్పుకోవడం) తీసుకున్నాను. పదకొండేళ్లు సండే స్కూల్లో పాఠాలు చెప్పాను, క్వయర్‌లో ఆల్టో పాడతాను, సంఘానికి దశమభాగం (ఆదాయంలో పదోవంతు) ఏ నెలా తప్పలేదు. ఏడాదిలో బైబిల్ మొత్తం చదివించే చార్టు ఒకటి అల్మారా తలుపుకి లోపలి వైపు అంటించుకున్నాను. ఆ రోజు భాగం చదవగానే గడిలో టిక్కు పెడతాను. అలా తొమ్మిదిసార్లు పూర్తయింది.

ఈమధ్య ఒక స్త్రీల కూడికలో సాక్ష్యాలు చెప్పమన్నారు. ఒక్కొక్కరే లేచి ఫలానా సంవత్సరం, ఫలానా రోజున ప్రభువు నన్ను రక్షించాడని చెబుతున్నారు. నా వంతు వచ్చినప్పుడు కన్ఫర్మేషన్ తేదీ చెప్పాను. కూడిక నడిపే సిస్టర్ "అది సంఘం ఇచ్చిన తేదీ అమ్మా, దేవుడు నిన్ను ముట్టుకున్న రోజు చెప్పు" అన్నారు. మెత్తగానే అన్నారు. నాకు నోట మాట రాలేదు. కూర్చుండిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తేదీ లేనందుకు కాదు, మరో సంగతి గుర్తొచ్చి. పోయిన నెల జ్వరంతో నాలుగు రోజులు మంచం మీదే ఉన్నాను. బైబిల్ తెరవలేదు. లేచాక నేరుగా అల్మారా దగ్గరికి వెళ్లి, నాలుగు గళ్లు ఖాళీగా ఉన్నాయని దాదాపు ఏడ్చాను. నాలుగు రోజులు దేవునితో మాట్లాడలేదే అన్న బాధ నాకు ఒక్క క్షణం కూడా కలగలేదు. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని పెండింగ్ భాగాలు చదివి, టిక్కులు పెట్టి, హమ్మయ్య అనుకున్నాను. ఏం చదివానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

ఇంకొకటి కూడా చెప్పాలి. అమ్మ పోయాక ఇంటి విషయంలో మా అక్కకీ నాకూ మాటలు లేవు. ఆరేళ్లయింది. అయినా ప్రతి నెలా చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకుంటూనే ఉన్నాను.

నేను తిరిగి జన్మించానా, లేక బాగా శిక్షణ పొందానా? హృదయం నిజంగా కదిలేదాకా ఈ క్వయర్, ఈ చార్టు, ఈ బల్ల అన్నీ ఆపేయడం నిజాయితీ అవుతుందా? ఇలాగే కొనసాగితే దేవుని ముందు అబద్ధమాడుతున్నట్టు ఉంది.


జవాబు 1 – రాత్రిప్రార్థన

సిస్టర్, మిమ్మల్ని ఓదార్చి పంపేయాలని లేదు. యోహాను 3వ అధ్యాయంలో యేసు ప్రభువు తిరిగి జన్మించాలన్న మాట చెప్పింది ఎవరో దొంగకి కాదు, నీకొదేముకి. అతను పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని కఠినంగా పాటించే యూదుడు), యూదుల అధికారి, ఇశ్రాయేలుకు బోధకుడు. ఉపవాసాలు, దశమభాగాలు, లేఖనాలు అన్నీ ఉన్న మనిషికే క్రొత్తగా జన్మించితేనే గాని దేవుని రాజ్యాన్ని చూడలేవని చెప్పాడు. పౌలు కూడా ఫిలిప్పీ పత్రిక 3లో తన పట్టీ అంతా చదువుతాడు: ఎనిమిదో దినాన సున్నతి, బెన్యామీను గోత్రం, ధర్మశాస్త్రపు నీతిలో నిరపరాధి. చివరికి దాన్నంతా పెంట అంటాడు.

నాకు తేదీ ఉంది. దాని కోసం రోజూ దేవునికి స్తోత్రం చెబుతాను. మీకు లేకపోతే రేపటిదాకా ఆగవద్దు. ఈ రాత్రే మోకరించి, ఏమీ దాచకుండా అడగండి. అడిగేవారికి పరిశుద్ధాత్మను ఇస్తానని ఆయన మాట ఇచ్చాడు.


జవాబు 2 – పాత ఉపదేశి

అమ్మా, ముప్పై ఆరేళ్లు సంఘంలో సేవ చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. బ్రదర్ చెప్పినదానిలో తప్పేమీ లేదు. ఆచారాలు ఎవరికీ జన్మనివ్వలేవు. అయితే నీకొదేము కథను 3వ అధ్యాయంతో ఆపేస్తే అతనికీ నీకూ అన్యాయం జరుగుతుంది.

మన బైబిల్లో "క్రొత్తగా" అని ఉన్నచోట గ్రీకులో "అనోథెన్" అనే మాట ఉంది. దానికి "మళ్లీ" అనీ "పైనుండి" అనీ రెండర్థాలు. నీకొదేము "మళ్లీ" అన్న అర్థమే పట్టుకున్నాడు. అందుకే ముసలివాడు తల్లి గర్భంలోకి ఎలా వెళ్తాడని అడిగాడు. అదే అధ్యాయం 31వ వచనంలో "పైనుండి వచ్చువాడు" అన్నచోటా అదే గ్రీకు మాట. బిడ్డ తన పుట్టుకకు తాను కష్టపడదు కదా. పైనుండి జరిగే పనిని నువ్వు తేదీ వేసి రిజిస్టర్‌లో ఎక్కించలేదని నిన్ను నువ్వే కొట్టుకోవద్దు. గాలి తనకు ఇష్టమైన చోట వీస్తుందనీ, శబ్దం వినిపిస్తుంది గానీ ఎక్కడి నుంచి వస్తుందో తెలియదనీ ఆయనే అన్నాడు. గాలికీ ఆత్మకూ గ్రీకులో ఒకటే మాట.

ఇక యేసు దగ్గరికి వచ్చిన ఆ రాత్రి నీకొదేము ఏం తేల్చుకుని వెళ్లాడో యోహాను రాయలేదు. సంభాషణ మధ్యలోనే అతను కనబడకుండా పోతాడు. మళ్లీ 7వ అధ్యాయంలో, యేసును పట్టుకోవాలని చూసేవాళ్ల మధ్య కూర్చుని, ఒక మనిషి మాట వినకుండా మన ధర్మశాస్త్రం అతనికి తీర్పు తీరుస్తుందా అని అడుగుతాడు. అంతే, ఒక్క ప్రశ్న. దానికే నువ్వూ గలిలయుడివా అని ఎత్తిపొడుస్తారు. మళ్లీ 19లో, యేసు సిలువ మీద చనిపోయి శిష్యులు చెదిరిపోయాక, ఆయన దేహాన్ని సమాధి చేయడానికి బోళంతో కలిపిన అగరు నూట ఏబది సేర్ల ఎత్తు పట్టుకొని వస్తాడు. రాత్రివేళ చాటుగా వచ్చినవాడు అంత బరువు ఎవరికీ కనబడకుండా మోయలేడు. మరి ఈ మనిషి ఏ రోజు తిరిగి జన్మించాడు? నా సేవ అంతా ఈ మూడు అధ్యాయాలను ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు, ఆ తేదీ నాకు దొరకలేదు.

అపొస్తలుల కార్యములు 16 కూడా చదువు. చెరసాల నాయకుడు నమ్మడానికి అర్ధరాత్రి భూకంపం కావలసివచ్చింది. అదే ఊళ్లో లూదియ నది ఒడ్డున కూర్చుని వింటూ ఉండగా ప్రభువు ఆమె హృదయం తెరిచాడు. ఇక పౌలు శిష్యుడు తిమోతికి అవ్వ లోయి, తల్లి యునీకేల దగ్గర నుంచి విశ్వాసం వచ్చింది.

నీ చిన్ననాటి బాప్తిస్మాన్ని తీసిపారేయవద్దు. అది దేవుడు ముందుగా నిన్ను పిలిచిన గుర్తు. చంటిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వని బాప్తిస్టు సంఘాల సహోదరులు ఈ విషయంలో నాతో ఏకీభవించరు, వారిని గౌరవిస్తాను.


జవాబు 3 – దీపంవత్తి

చెల్లీ, నువ్వు అడిగిన రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. అన్నీ ఆపేయాలా అని అడిగావు.

ఇదే ప్రశ్న మీద సుమారు మూడు వందల ఏళ్ల కిందట పెద్ద గొడవే జరిగింది. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1728లోనే ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) ప్రీస్టు. ఆక్స్‌ఫర్డులో స్నేహితులతో కలిసి బుధ, శుక్రవారాలు ఉపవాసముండేవాడు, జైళ్లకు వెళ్లేవాడు. అమెరికాలోని జార్జియాకి సువార్త చెప్పడానికి వెళ్లాడు. తిరిగి వస్తూ, ఇతరులను మార్చడానికి వెళ్లాను, నన్నెవరు మారుస్తారని డైరీలో రాసుకున్నాడు. 1738 మే 24న లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలోని కూడికలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే అతని గుండె వెచ్చబడింది. తేదీ, వేళ కూడా రాసిపెట్టాడు. అయినా 1739 జనవరిలో అదే మనిషి, నేనిప్పుడు క్రైస్తవుణ్ణి కాను అని రాసుకున్నాడు. తేదీ ఉన్నవాళ్లకీ ఇలాంటి రాత్రులు వస్తాయి.

ఆ తర్వాత వెస్లీ ఉన్న లండన్‌లోని ఫెటర్ లేన్ సంఘంలో కొందరు సరిగ్గా నీలాగే ఆలోచించారు. పూర్తి విశ్వాసం కలిగేదాకా బల్ల తీసుకోవద్దు, ప్రార్థన వద్దు, లేఖనాలు చదవడం వద్దు, నిశ్చలంగా ఉండాలి అన్నారు. వెస్లీ ఒప్పుకోలేదు. అవి మనం దేవునికి చూపించే మార్కులు కావు, దేవుడు మనకు కృప ఇచ్చే దారులు అని అతని వాదన. ఆకలి వేయలేదని దారి మూసేస్తే ఎలా? 1740 జులైలో ఆ సంఘం నుంచి బయటికి వచ్చేశాడు. నేను ఈ విషయంలో వెస్లీ వైపే.

అయితే ఆరాధన మధ్యలో ఆపేయమని యేసు ప్రభువు చెప్పిన చోటు ఒకటి ఉంది. మత్తయి 5:23, 24. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతూ ఉండగా నీ సహోదరునికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి వెళ్లు, మొదట సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అన్నాడు. అర్పణ మానేయమనలేదు చూడు.

చార్టు గురించి ఏడెనిమిది వాక్యాలు రాశావు. అక్క గురించి మూడే రాశావు. ఆ మూడూ చదివి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకంటే నేనూ మా తమ్ముడితో నాలుగేళ్లు అలాగే ఉన్నాను. అతను పోయేముందు రెండు నెలలే మాట్లాడుకోగలిగాం. ఎవరిది తప్పని నేను అడగను. ముందు ఫోన్ చెయ్యి.


చివరిబెంచీ

అందరికీ వందనాలు. జవాబులు వచ్చి తొమ్మిది రోజులైంది.

బ్రదర్ చెప్పినట్టు ఆ రాత్రే మోకరించాను. గుండె వెచ్చబడలేదు, ఏడుపూ రాలేదు. అక్క పేరు మాత్రం పదేపదే నోటికొచ్చింది. మర్నాడు ఫోన్ చేశాను, తీయలేదు. "నాదీ తప్పుంది, క్షమించు" అని మెసేజ్ పెట్టాను. ఆ "నాదీ" అన్న మాట రాయడానికి అరగంట పట్టింది. "నాది" అని రాయాలని తెలుసు, రాయలేకపోయాను.

మూడో రోజు అక్కే చేసింది. ఇంటి మాట ఎత్తలేదు. "నీకు జ్వరం వచ్చిందటగా, తగ్గిందా?" అని అడిగింది. నాకు జ్వరం వచ్చిన సంగతి ఆమెకు అప్పుడే తెలుసు. ఈ ఆరేళ్లూ ఎవరెవరినో అడిగి నా గురించి తెలుసుకుంటూనే ఉందట. నేను ఒక్కసారి కూడా ఆమె గురించి ఎవరినీ అడగలేదు.

పాత ఉపదేశి గారూ, నీకొదేము మూడు అధ్యాయాలూ చదివాను. చార్టు ప్రకారం ఆ రోజు భాగం వేరే, అయినా వీటినే మూడు రోజులు చదివాను.

ఇల్లు సంగతి ఇంకా తేలలేదు. కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను. ఈ ఆదివారం బల్ల ఉంది, శనివారం అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఆమె తలుపు తీసేసరికి నా నోట ఇంటి మాట ముందు రాకుండా ఉండాలని ప్రార్థించండి.


రాత్రిప్రార్థన

శనివారం ఉదయం ఆరు నుంచి ఉపవాసంతో ప్రార్థిస్తాను సిస్టర్. మీ అక్క కోసం కూడా.