నాన్నకి స్టేజ్ 4 కిడ్నీ జబ్బు: పనస తొన కూడా పెట్టకూడదా?

కవిటి_తోట

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, కవిటి దగ్గర ఊరు. ఆ పేరు చెప్తే మిగతాది మీకే అర్థమై ఉంటుంది. మా వీధిలో కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాలి.

నాన్నకి 58 ఏళ్లు, సుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటారు. మొన్నటి రిపోర్టులో క్రియాటినిన్ 3.6, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత శాతం పనిచేస్తున్నాయో సుమారుగా చెప్పే అంకె) 18, పొటాషియం 5.4, ఫాస్ఫరస్ 4.4 వచ్చాయి. డయాలసిస్ ఇప్పుడే అక్కర్లేదు, తిండి జాగ్రత్తగా చూసుకుంటే కొంతకాలం నెట్టుకురావచ్చు అన్నారు డాక్టర్. ఒక డైట్ కాగితం చేతిలో పెట్టారు. అందులో బ్రకోలీ ఉంది, ఆలివ్ ఆయిల్ ఉంది, మేం రోజూ వండుకునేది ఒక్కటీ లేదు. తినకూడని వాటి పట్టీ మాత్రం మా ఊరిని చూసి రాసినట్టే ఉంది: కొబ్బరి నీళ్లు, జీడిపప్పు, పనస, ఎండు చేపలు, ఊరగాయ. ఇంక మా ఊళ్లో మిగిలిందేంటి?

అమ్మ భయంతో పప్పు, గుడ్డు, చేప అన్నీ ఆపేసింది. ఉప్పు లేని ఆనపకాయ కూర, పల్చటి చారు, అంతే. నాన్న సగం తిని కంచం తోసేస్తున్నారు. 64 కిలోలు ఉండేవారు, 58కి దిగిపోయారు. పోనీ నోరు కట్టుకుని ఉన్నారా అంటే అదీ లేదు, తోటకి వెళ్లి బొండం కొట్టించుకుని తాగి వస్తున్నారు, పక్కింటి పిల్లాడు చెప్పాడు. అడిగితే "ఏటిరా, జబ్బుతో పోయేకంటే ఆకలితో పొమ్మంటావా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

వచ్చే నెల చెల్లి పెళ్లి. ఆ రోజు కూడా పెళ్లికూతురి తండ్రిని ఒక మూల కూర్చోబెట్టి పెరుగన్నం పెట్టాలా? అప్పుడప్పుడు ఇష్టమైనది పెట్టడానికి ఏదైనా పద్ధతి ఉందా? మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారో చెప్పండి. "డాక్టర్‌ని అడగండి" అని మాత్రం రాయొద్దు. అడిగాను. "కంట్రోల్‌లో పెట్టండి" అన్నారు.

వారానికి_మూడు

తమ్ముడూ, నాది విజయనగరం. పేరు చూస్తేనే తెలుస్తుంది, నేను డయాలసిస్ మీద ఉన్నవాణ్ణి. మీ నాన్న చెప్పిన మాట మా ఇంట్లో నేనూ అన్నాను, కాస్త ఘాటుగానే.

ముందు ఇది చెప్తాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. ఇంట్లో కాపలా ఎంత పెరిగితే దొంగతిండి అంత పెరుగుతుంది. నలుగురి ముందు సగం గ్లాసు తాగితే లెక్క ఉంటుంది. చాటుగా తాగేది ఎంత తాగారో ఆయనకే గుర్తుండదు, రిపోర్టు పాడైతే దేనివల్ల పాడైందో ఎవరికీ తెలియదు. అందుకే మా ఇంట్లో ఒక ఒప్పందం పెట్టుకున్నాం, నాకు తినాలనిపించింది దాచకుండా చెప్తాను, మా ఆవిడ వెంటనే "వద్దు" అనకుండా ఎప్పుడు, ఎంత అన్నది మాట్లాడుతుంది. గొడవలు పూర్తిగా పోలేదు గానీ దొంగతనం పోయింది.

ఇంకోటి, డయాలసిస్ వాళ్లు చెప్పేది విని మీ నాన్నకి అన్వయించకండి. మా లెక్క వేరు. మా సెంటర్‌లో కొందరు మిషన్ ఎక్కిన మొదటి గంటలో ఇష్టమైనది తినేస్తారు, ఎలాగూ శుభ్రం అవుతుంది కదా అని. అప్పుడు తింటే బీపీ పడిపోతుందని కొన్ని చోట్ల అసలు తిననివ్వరు. మాకు అసలు భయం రెండు రోజుల గ్యాప్ వచ్చినప్పుడు, శనివారం చేయించుకుంటే మళ్లీ మంగళవారం దాకా లేదనుకో, ఆ మధ్యలో పళ్లూ నీళ్లూ ఇష్టం వచ్చినట్టు తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మీ నాన్నకి మిషన్ లేదు. పొటాషియం ఎక్కితే దింపడానికి మిగిలిన ఆ 18 శాతమే దిక్కు. కాబట్టి బొండం విషయంలో నేను అమ్మగారి వైపే.

పచ్చిమందు

ఈ ఇంగ్లీషు మందులు జీవితాంతం వాడాల్సిందే. కొండపిండి ఆకు కూర వండి పెట్టండి, గలిజేరు కషాయం పొద్దున్నే పరగడుపున తాగించండి, నలభై రోజుల్లో క్రియాటినిన్ దిగుతుంది. మా బావమరిదికి తగ్గింది. తర్వాత పెళ్లి భోజనం ఏం కర్మ, అన్నీ తినొచ్చు.

దుర్గ_డైటీషియన్

పైన రాసినవారికి ముందు జవాబు చెప్పి అసలు విషయానికి వస్తాను. కొండపిండిని మన పల్లెల్లో కిడ్నీలో రాళ్లకి వాడతారు. ఇక్కడున్నది రాళ్ల జబ్బు కాదు. పొటాషియం 5.4 ఉన్న మనిషికి రోజూ ఆకుకూర, పైగా ఆకుల కషాయం అంటే ఉన్న నిప్పుకి గాలి విసరడమే. ఏమేం కలిపారో తెలియని పొడులు, లేహ్యాలు మింగి ఉన్న కిడ్నీ కూడా పోగొట్టుకుని వచ్చినవాళ్లని వార్డులో చూస్తూనే ఉంటాను. నొప్పుల మాత్రలు కూడా అంతే, మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటివి వేయకండి.

కవిటి తమ్ముడూ, మీ అమ్మగారు జాగ్రత్త అనుకుని చేస్తున్నది సగం తప్పు. ఆవిడని నిందించడం కాదు, ఆ కాగితం చూస్తే ఎవరైనా అలాగే చేస్తారు. డయాలసిస్ లేని స్టేజ్ 4లో ప్రొటీన్ తగ్గించాలంటే బొత్తిగా మానేయమని కాదు, కిలో బరువుకి రోజుకి 0.8 గ్రాములు ఉండాలి. 58 కిలోలకి సుమారు 46 గ్రాములు. మూడు కప్పుల అన్నంలో 12, చిన్న గిన్నెడు పప్పులో 6, ఒక గుడ్డులో 6, మూడు ఇడ్లీల్లో 5 దాకా, చిన్న కప్పు పెరుగులో 4, అరచేతిలో సగం ఉండే చేప ముక్కలో 12. చూశారా, అన్నీ పెట్టినా లెక్కలోనే ఉన్నాం. ఇవన్నీ ఆపేస్తే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. ఆ ఆరు కిలోలు అలాగే పోయి ఉంటాయి. దీని గురించి డాక్టర్‌కి తప్పక చెప్పండి.

ఇక పొటాషియం. రోజుకి ఎంత అన్నది మనిషిని బట్టి మారుతుంది, ఇలాంటి రిపోర్టు ఉన్నవాళ్లకి మేం 2000 మిల్లీగ్రాములకి అటూఇటూగా పెట్టిస్తాం. ఒక బొండంలో 500 నుంచి 700 దాకా ఉంటుంది. అంటే పావు రోజు లెక్క పది గుక్కల్లో అయిపోతుంది. పైగా నీళ్ల రూపంలో కాబట్టి తొందరగా రక్తంలోకి చేరుతుంది. పొటాషియం పెరిగితే నొప్పీ వాపూ ఏమీ కనబడకపోవచ్చు, నేరుగా గుండె కొట్టుకునే తీరే తప్పుతుంది, అందుకే దీని దగ్గర మొహమాటం వద్దు. బొండం పూర్తిగా ఆపి రెండు వారాలకి మళ్లీ పరీక్ష చేయించండి. అప్పటికీ తగ్గకపోతే తిండి ఒక్కదాన్నే అనుమానించకండి. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు కూడా పొటాషియం కొంచెం పెంచుతాయి, మలబద్ధకం ఉన్నా పెరుగుతుంది, రక్తంలో ఆమ్లం పెరిగినా పెరుగుతుంది. అవి డాక్టర్ చూసుకోవాల్సినవి, మీరు మాత్ర ఆపేయకండి. ఆ మాత్రలు కిడ్నీని కాపాడటానికే ఇస్తారు.

వంటలో ఒక పని చేస్తే చాలా వెసులుబాటు వస్తుంది. కూరగాయల్ని చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు తాలింపు వేయండి. ఊరికే నానబెట్టడం కంటే ఉడికించి వంచేయడం మేలు. ఆ నీళ్లతో చారు పెడితే మాత్రం చేసిందంతా వృథా. ఆనప, బీర, దొండ, క్యాబేజీ, వంకాయ ఫరవాలేదు. బంగాళాదుంప, కంద, మునగాకు, తోటకూర దగ్గర జాగ్రత్త. టమాటా చారు, చింతపండు పులుసు రోజూ వద్దు. పులిహోర కావాలంటే నిమ్మకాయ పులిహోర చేయండి.

ఉప్పు రోజంతా కలిపి 5 గ్రాములు, అంటే చెంచాకి కాస్త తక్కువ. బొత్తిగా ఉప్పు లేని కూర పెట్టమని ఎవరూ చెప్పలేదు! ఆ చెంచాడు ఉప్పు పొద్దున్నే ఒక డబ్బాలో వేసి అమ్మగారికి ఇవ్వండి, నాన్నగారి వంటంతా అందులోంచే. ఉల్లి, వెల్లుల్లి, మిరియం, కరివేపాకు, నిమ్మరసం దండిగా వాడితే ఆ లోటు అంత తెలియదు. లో సోడియం ఉప్పు అని అమ్మేదాన్ని మాత్రం ఇంట్లోకి రానివ్వకండి, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. సైంధవ లవణం కూడా ఉప్పే, దానికి మినహాయింపు లేదు.

ఇప్పుడు పనస. 100 గ్రాముల తొనల్లో 450 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది, నాలుగైదు తొనలన్నమాట. పొటాషియం 5 లోపలికి వచ్చాక వారంలో ఒక రోజు రెండు తొనలు పెట్టండి, ఆ రోజు వేరే పండు వద్దు, పప్పు కూడా మానేసి గుడ్డు పెట్టండి. మామిడి దీనికంటే నయం, 100 గ్రాముల్లో 170 దాకా, చిన్న పండులో సగం తినొచ్చు. జూన్‌లో నేరేడు వస్తుంది, అది ఇంకా నయం, అనాస కూడా అంతే. స్టార్ ఫ్రూట్ ఒక్కటి మాత్రం రుచికి కూడా వద్దు, అందులో కిడ్నీ జబ్బువాళ్ల మెదడు మీద పనిచేసే విషం ఉంటుంది.

ఎడిసన్_కోడలు

దుర్గ గారూ, మీరు రాసింది కాపీ చేసి పెట్టుకున్నాను. మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చి మా దగ్గర న్యూజెర్సీలో ఉంటున్నారు, ఆవిడది స్టేజ్ 3బి. మా ఇంటి గొడవ పళ్లతో కాదు, ఫ్రీజర్‌తో. ఇక్కడ డబ్బాల మీద పొటాషియం అంకె వేస్తారు గానీ, దానిలాగే తగ్గించాల్సిన ఫాస్ఫరస్ వేయాలన్న రూలు లేదు. పదార్థాల జాబితాలో ఎక్కడైనా "ఫాస్" అన్న ముక్క కనిపిస్తే ఆ ప్యాకెట్ వెనక్కి పెట్టేస్తాను. పప్పుల్లో, గింజల్లో ఉన్న ఫాస్ఫరస్ మన ఒంటికి కొంతే పడుతుందట, ఇలా కలిపినది దాదాపు మొత్తం పడుతుందట. నల్లటి కోలా డ్రింకులు, ప్రాసెస్ చేసిన చీజ్, సాసేజీలు, కొన్ని ఫ్రోజెన్ చికెన్‌లలో కూడా ఇది ఉంటుంది. పెళ్లిలో కూల్‌డ్రింక్ ఇస్తారు కదా, ఆ నల్లది మీ నాన్నగారి చేతికి రానివ్వకండి. నిమ్మ సోడా కూడా ఉప్పు వేయకుండా ఇమ్మనండి.

స్వీట్ల సంగతి వింతగా ఉంటుంది. అందరూ "బెల్లం ఆరోగ్యం" అంటారు, మా అత్తగారికి మాత్రం పంచదార స్వీటే మంచిదన్నారు, బెల్లంలో పొటాషియం బాగా ఉంటుంది, పంచదారలో లేనట్టే. ఆవిడకీ సుగర్ లేదు కాబట్టి సరిపోయింది. పండక్కి అరిసెలు బదులు కజ్జికాయలు చేస్తే, కొబ్బరి తగ్గించి రవ్వ పెంచి చేశాననుకోండి, మొదటిది తిని "కొబ్బరి ధర పెరిగిందా" అన్నారు. రెండోది కూడా తిన్నారు మరి.

వారానికి_మూడు

పెళ్లి రోజు గురించి ఒక మాట. ఆయన పెళ్లికూతురి తండ్రి, పందిట్లో పది మంది చూస్తుండగా విడిగా గిన్నెలు తెచ్చి పెడితే అవమానంగా ఉంటుంది, వద్దు. వంటవాళ్లకి ముందు రోజే చెప్పి, చికెన్ కూరలో ఉప్పు వేయకముందు రెండు ముక్కలు పక్కకి తీయించి, అదే మసాలాతో కొంచెం ఉప్పుతో పూర్తి చేయించండి. బంతిలో అందరితో కూర్చుంటారు, వడ్డించేవాడికి మాత్రమే తెలుస్తుంది. అప్పడం, ఊరగాయ, సాంబారు విస్తట్లో పడకుండా మీరు పక్కన కూర్చోండి. ఒక బూరె తినేయనివ్వండి. ఆ రోజు పొద్దున, రాత్రి మామూలు ఇడ్లీ, తేలిక కూర పెడితే లెక్క సరిపోతుంది.

పచ్చిమందు

ఇన్ని లెక్కలు వేసుకుంటూ తింటే తిన్నది ఒంటబట్టదు.

కవిటి_తోట

అందరికీ థాంక్స్. దుర్గ గారు రాసింది అమ్మకి, నాన్నకి కలిపి చదివి వినిపించాను. గుడ్డు పెట్టొచ్చు అనేసరికి అమ్మ ఏడ్చేసింది. ఇన్నాళ్లు పస్తులు పెట్టానా అని. రాత్రి గుడ్డు పొరటు చేసింది, నాన్న కంచం ఖాళీ చేశారు. బొండం మానేస్తానని ఒప్పుకున్నారు, "రెండు వారాలే" అని షరతు పెట్టారు. పరీక్ష పలాస కిడ్నీ రీసెర్చ్ సెంటర్‌లో చేయిద్దామనుకుంటున్నాం.

రెండు డౌట్లు. పనస గింజలు తినొచ్చా? ఎండు చేపలు బాగా కడిగి నానబెట్టి వండితే ఉప్పు పోతుందా? ఈ రెండూ నాన్న అడగమన్నవే.

దుర్గ_డైటీషియన్

పనస గింజల్లోనూ పొటాషియం ఉంటుంది, తొనలు తిన్న రోజు గింజలు వద్దు. మరో రోజు మూడు నాలుగు గింజలు చెక్కు తీసి, ముక్కలు చేసి, ఉడికించి నీళ్లు వంచేసి కూరలో వేయండి. ఎండు చేపలు నానబెడితే ఉప్పు కొంత పోతుంది, మిగిలేది ఇంకా ఎక్కువే. మీది సముద్రం పక్క ఊరు, పచ్చి చేప దొరుకుతుంది కదా, అది పెట్టండి. ఎండు చేప వాసన కోసమే అయితే వేలెడంత ముక్క ఒకటి వంకాయ కూరలో వేసి, ఆ కూరలో వేరే ఉప్పు వేయకండి.

షరతు గురించి నాన్నగారికి ఇలా చెప్పండి: రెండు వారాల తర్వాత పొటాషియం తగ్గితే పనస తొన, మామిడి ముక్క తిరిగి వస్తాయి, బొండం రాదు. మధ్యలో కాళ్లు పట్టు తప్పినట్టు ఉన్నా, గుండె దడగా ఉన్నా పరీక్ష తేదీ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించండి. రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, పెళ్లి భోజనం లెక్క కూర్చుని వేద్దాం.